బియ్యం తింటాం, గోనె సంచి ఎందుకు తినలేం?

బియ్యం మొక్క నుంచే వస్తాయి. అవి పోసిన గోనె సంచీ మొక్క నుంచే వస్తుంది. మరి ఒకటి తిని, ఇంకోటి ఎందుకు తినలేకపోతున్నాం? కలకత్తా ఖిదిర్‌పూర్‌లో పెరిగే పిల్లలకు ఈ సందేహం రావడం సహజం. 1892లో తెరిచిన అక్కడి రేవుల్లో జనపనార బేళ్లు, గోనె సంచులు ఓడలకెక్కాయి. హుగ్లీ ఒడ్డున ఆ సంచులు నేసిన జూట్ మిల్లుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లిన మనవాళ్లూ పనిచేశారు. ప్రశ్న చాలా మంచిది. ఎందుకంటే బియ్యంలోని పిండికీ, సంచిలోని నారకూ మూలం ఒక్కటే: గ్లూకోజు అనే చక్కెర.

నమ్మకం కుదరకపోతే ఒక ముద్ద అన్నం నోట్లో పెట్టుకుని, మింగకుండా బాగా నమలండి. కాసేపటికి తియ్యదనం తెలుస్తుంది. ఆ తీపి ముందే ఉంది, కానీ బయటపడకుండా గొలుసుల్లో బిగిసి ఉంది.

ఆ గొలుసు ఎలా తయారవుతుంది? ఆకు ఎండలో గ్లూకోజును తయారుచేస్తుంది. ఒక్కో గ్లూకోజు అణువు అంచుల్లో ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి. రెండు అణువులు కలిసేటప్పుడు ఒకటి తన జంటను మొత్తంగా వదిలేస్తుంది, రెండోది ఒక్క హైడ్రోజన్‌ను వదులుతుంది. వదిలినవి రెండూ కలిస్తే నీరు. అది పక్కకు పోతుంది. రెండో అణువు దగ్గర మిగిలిన ఆక్సిజన్ రెంటి మధ్యా వంతెన అవుతుంది. ఆ కొసకు మూడో గ్లూకోజు, దానికి నాలుగోది. ఇలా వందలు, వేలు చేరితే పొడవాటి అణువు పుడుతుంది. దాన్నే పాలిమర్ అంటారు. మొక్కలో ఈ పని చేయించేవి ఎంజైములు (జీవుల్లో రసాయన చర్యలను నడిపించే పదార్థాలు). చిన్న అణువులు మామూలు రసాయన బంధాలతోనే ఇంత పొడవుగా కలుస్తాయని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ 1920లో చెబితే తోటి రసాయనవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. ఆయనకు నోబెల్ బహుమతి 1953లో వచ్చింది.

ఇప్పుడు అసలు తేడా చూద్దాం. బియ్యపు పిండిలో గ్లూకోజులన్నీ ఒకే వైపు తిరిగి కలుస్తాయి. అందుకే గొలుసు వంకర తిరిగి, చుట్టలు చుట్టుకుంటుంది. దానికి కొమ్మలు కూడా ఉంటాయి. నారలో అలా కాదు. ఒక గ్లూకోజు వెల్లకిలా ఉంటే తరవాతిది బోర్లా, ఆ తరవాతిది మళ్లీ వెల్లకిలా. దాంతో వంకర పోయి గొలుసు నిటారుగా సాగుతుంది. దీని పేరు సెల్యులోజు. నిటారు గొలుసులు పక్కపక్కనే సర్దుకుంటాయి. ఒకదాని హైడ్రోజన్ పక్కదాని ఆక్సిజన్‌ను లాగుతుంది. ఆ లాగుడు ఒక్కచోట బలహీనమే, కానీ గొలుసు పొడవునా వేల చోట్ల ఉంటుంది. అలా కట్టలు కట్టిన గొలుసుల్ని లిగ్నిన్ అనే చెట్టు జిగురు అంటిపెట్టుకుని ఉంటుంది. బస్తా బరువును మోసే బలం అక్కడిదే.

మన ఉమ్మిలోని ఎంజైము పిండిలోని వంతెనకే సరిపోతుంది. అది వంతెన దగ్గరికి మళ్లీ నీటిని చేర్చి గొలుసును తెంపుతుంది. కట్టేటప్పుడు బయటికి పోయిన నీరే తెంపేటప్పుడు లోపలికి రావాలి. వెల్లకిలా-బోర్లా వంతెనను అది పట్టుకోలేదు. ఆవుకూ సొంతంగా ఆ శక్తి లేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులకు ఉంది. అందుకే అది గడ్డి తిని బతుకుతుంది. తడిసిన గోనె సంచి మూల పడేస్తే చివికిపోవడానికీ అలాంటి సూక్ష్మజీవులే కారణం.

అయితే నార తీయడానికి జనుము, గోగు మొక్కల కట్టలను నీళ్లలో వారాల తరబడి ఊరవేసినా నార ఎందుకు చివికిపోదు? అక్కడి బ్యాక్టీరియా ముందు నారను కాడకు అంటిపెట్టే మెత్తటి జిగురును తింటాయి. సెల్యులోజు జోలికి రావడానికి ఇంకా సమయం పడుతుంది. ఆలోపే నార ఒలిచేయాలి. ఎప్పుడు తీయాలో చేత్తో పట్టి చూసి చెప్పే రైతు నేర్పు చిన్నది కాదు.

ఇక ఇప్పుడు బజారులో ఎక్కువగా కనిపించే తెల్లటి ప్లాస్టిక్ బస్తా. అదీ పాలిమరే, పాలీప్రొపిలీన్. ఖిదిర్‌పూర్ నుంచి హుగ్లీ వెంట దిగువకు వెళితే వచ్చే హల్దియాలో, ముడిచమురు నుంచి తీసే నాఫ్తాతో దాన్ని తయారుచేసే పెట్రోకెమికల్ కర్మాగారం ఉంది. ప్రొపిలీన్ అణువులో రెండు కార్బన్ల మధ్య జంట బంధం ఉంటుంది. ఉత్ప్రేరకం (చర్యను నడిపించే పదార్థం) తగలగానే అందులో ఒకటి విడిపోతుంది. రెండు చేతులా పట్టుకున్న పిల్లలిద్దరూ ఒక్కో చేయి వదిలి, ఆ చేత్తో పక్కవాళ్లను అందుకున్నట్టు కార్బన్లు వరసగా కలిసిపోతాయి. ఇక్కడ నీరు బయటికి పోదు, ఆక్సిజన్ వంతెనా లేదు. ఇటలీలో శాస్త్రవేత్త జూలియో నాట్టా 1954లో దీన్ని క్రమమైన గొలుసుగా తయారుచేశాడు.

వంతెన లేదు కాబట్టి నీటిని చేర్చి తెంపే ఎంజైములకు పట్టు దొరకదు. అందుకే ఆ బస్తా మట్టిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఎండలో మాత్రం గాలిలోని ఆక్సిజన్ దాని గొలుసులను అక్కడక్కడా కొరుకుతుంది. డాబా మీద వదిలేసిన బస్తా ముట్టుకుంటే పెళుసుగా విరిగి పొడిపొడిగా రాలేది అందుకే. రాలిన పొడిలో గొలుసులు పొట్టివయ్యాయి గానీ, అదింకా ప్లాస్టిక్కే.