తీవ్రవాదం – కారణాలు, ఫలితాలు, నివారణ

తన విశ్వాసాన్ని గట్టిగా నమ్మడం తీవ్రవాదం కాదు. ఎదుటివారు కూడా దానినే నమ్మాలని బలప్రయోగానికి పూనుకోవడం, అంగీకరించనివారికి బ్రతికే హక్కు లేదనడం తీవ్రవాదం. అది మతం పేరుతో రావచ్చు, కులం పేరుతో రావచ్చు, రాజకీయ సిద్ధాంతం పేరుతోనూ రావచ్చు.

పేదరికం, నిరుద్యోగం, అన్యాయానికి గురైనామన్న బాధ, వదంతులు, స్వార్థపరుల నాయకత్వం దీనికి కారణాలని చెబుతారు. అవి నిజమే. అయితే బాధపడిన ప్రతివాడూ కత్తి పట్టడు. ఒకరు చేసిన నేరాన్ని వారు పుట్టిన సమూహానికంతటికీ అంటగట్టిననాడే ఆ బాధ తీవ్రవాదంగా మారుతుంది.

ఉదాహరణకు మనం దూరం వెళ్లనక్కరలేదు. 1988 డిసెంబరు 26న విజయవాడలో నిరాహారదీక్షలో ఉన్న శాసనసభ్యులు వంగవీటి మోహనరంగా హత్యకు గురైనారు. హంతకులు కొందరే. కాని ప్రతీకారం ఆ హత్యతో ఏ సంబంధమూ లేనివారి ఆస్తులపై పడింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. నగరంలో కర్ఫ్యూ విధించారు. అల్లర్లు ఇతర కోస్తా ప్రాంతాలకూ వ్యాపించాయి. కర్ఫ్యూనాడు రోజుకూలీ ఇంట పొయ్యి వెలగదు. కాలిన దుకాణాన్ని తిరిగి కట్టవచ్చు; పొరుగువారి కులం తెలుసుకొని గాని పలకరించని అలవాటు ఒక పట్టాన పోదు.

నివారణకు నిష్పక్షపాతమైన చట్టం, యువకులకు ఉపాధి అవసరం. అంతకుమించినది పరస్పర పరిచయం. మన పటమటలో నాస్తిక కేంద్రం గలదు. గోరాగారు దానిని 1940లో ముదునూరులో స్థాపించి, 1947లో ఇక్కడికి తరలించారు. దైవాన్ని విశ్వసించే మనకు వారి నాస్తికత్వం సమ్మతం కాదు. గాంధీజీకీ కాలేదు. అయినా అస్పృశ్యతా నివారణలో గోరాగారి కృషిని గాంధీజీ ఆదరించారు. గోరాగారి కుమార్తెకు హరిజన యువకునితో సేవాగ్రామంలో వివాహం జరిపించడానికి అంగీకరించారు. ఇంతలో 1948 జనవరి 30న ఒక తీవ్రవాది తుపాకికి ఆ మహాత్ముడు బలియైనారు. ఆ వివాహం మాత్రం ఆగలేదు. ఆ సంవత్సరమే సేవాగ్రామంలో జరిగింది. అభిప్రాయభేదం ఉన్నవారు కలిసి మెలగవచ్చునని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి?

గోరాగారు ఆనాడు సహపంక్తి భోజనాలు నడిపారు. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు విద్యార్థులం ఒకే ఆవరణలో చదువుతూ కూడా మధ్యాహ్నం వేరువేరు గుంపులుగా కూర్చుంటున్నాము. ఏడాదికొక్కనాడైనా అందరం ఒకే పంక్తిలో భోజనం చేసే ఏర్పాటు గావించవలసినదిగా కమిటీ పెద్దలకు మా మనవి. వడ్డన బాధ్యత విద్యార్థులమే వహిస్తాము. పేరు తెలిసిన మిత్రునిపై రాయి విసరడానికి ఎవరి చేయీ సులభంగా లేవదు.