గూడు కాచే తండ్రి – ఆఫ్రికా నల్ల జెముడుకాకి



కోకిల తన గుడ్డును కాకి గూటిలో పెడుతుందని మన చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఒక్క సంగతివల్ల కోకిల కుటుంబమంతటికీ చెడ్డపేరు వచ్చింది. అయితే మన కంచెల్లో తిరిగే జెముడుకాకి కూడా ఆ కుటుంబానికి చెందినదే. అది స్వంతంగా గూడు కట్టుకొని తన పిల్లలను తానే పెంచుకుంటుంది. నల్లని ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రని కన్ను, పొదలోనుంచి ఊప్ ఊప్ అని వినబడే గంభీరమైన కూత – పల్లెలో పుట్టినవారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు. (అది ఎదురైతే మంచి శకునమని సంతోషించే విశ్వాసులు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. ఆ సంగతి మరొక నెల మాట్లాడుకుందాం.)

ఆఫ్రికాలో దీనికి ఒక చిన్న బంధువు ఉంది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు సెంట్రోపస్ గ్రిల్లీ. మనం నల్ల జెముడుకాకి అనుకుందాం. సెంట్రోపస్ అంటే గ్రీకు భాషలో ముల్లుకాలు. వెనుకవేలికి పొడవైన తిన్నని గోరు ఉంటుంది కాబట్టి ఆ పేరు. సహారా ఎడారికి దక్షిణాన, వాననీరు నిలిచే గడ్డిభూములలో ఇది నివసిస్తుంది.

గుర్తుపట్టడం ఎలా? వానాకాలంలో కష్టం లేదు. మన జెముడుకాకిని కుదించి చిన్నది చేసినట్టు ఉంటుంది. తల, ఒళ్ళు, తోక నలుపు, రెక్కలు ఇటుకరంగు. కన్ను మాత్రం ఎరుపు కాదు, ముదురు గోధుమరంగు. ఆఫ్రికాలోని తక్కిన జెముడుకాకులకు చాలామట్టుకు పొట్ట తెల్లగానో మీగడరంగులోనో ఉంటుంది. ఒక జాతికి కంటిపైన తెల్లని కనుబొమ గీత ఉంటుంది. ఒకవాంగో చిత్తడినేలల్లో ఉండే రాగితోక జెముడుకాకి దీనికన్నా చాలా పెద్దది. పొట్టతో సహా నల్లగా ఉంటే అది మన నల్ల జెముడుకాకే. గుడ్లు పెట్టే కాలం దాటిందంటే ఆ నలుపు పోయి, ఎండుగడ్డిలో కలిసిపోయే చారల గోధుమరంగు వస్తుంది. అప్పుడు అనుభవజ్ఞులు కూడా పొరబడతారు.

రంగు సంగతి అలా ఉంచి, దాని సంసారం సంగతి చూడండి. ఆడపక్షి మగదానికన్నా ఒకటిన్నర రెట్లకు మించి బరువుంటుంది. హద్దులు కాపాడేది ఆమె, పాడేది ఆమె. మరొక ఆడపక్షి హద్దులోకి వస్తే స్వరాన్ని ఇంకా తగ్గించి, లోతైన గొంతుతో బెదిరిస్తుంది. ఒక్కొక్క ఆడపక్షికి ఐదు మగపక్షుల వరకు ఉండవచ్చు. ఒకదాని గూటిలో గుడ్లు పెట్టి, మరొకదాని దగ్గరకు వెళ్తుంది. ఆ గుడ్లను పొదిగి, మిడతలూ కప్పలూ తెచ్చి పిల్లల నోట పెట్టేది తండ్రి ఒక్కడే.

మన చెరువుల్లో తామరాకుల మీద నడిచే పొడుగువేళ్ళ పక్షులలో కూడా మగదే పొదుగుతుంది. కానీ దాని పిల్లలు పుట్టగానే నడిచి తమ మేత తామే ఏరుకుంటాయి. నల్ల జెముడుకాకి పిల్లలు అలా కాదు. నిస్సహాయంగా గూటిలో పడి ఉంటాయి. అటువంటి పిల్లలను కనే పక్షులలో, తల్లి అనేకమంది మగవారితో ఉండి తండ్రి ఒంటరిగా పెంచే జాతి ఇదొక్కటే ఇంతవరకు తెలిసింది. ఆడపక్షి రక్తంలో మగ హార్మోను ఎక్కువగా ఉంటుందేమోనని పరిశోధకులు చూశారు. మగదానికన్నా ఎక్కువ లేదు. మెదడులోని ఒక భాగం ఆ హార్మోనును అందుకోవడానికి మగదానిలో కన్నా ఎక్కువ సిద్ధంగా ఉందని 2007లో ప్రకటించారు.

యోబు గ్రంథం 39వ అధ్యాయంలో గుడ్లను నేలమీద విడిచిపెట్టే నిప్పుకోడిని దేవుడు యోబుకు చూపిస్తాడు. ఆ పక్షిని చేసినందుకు ఆయన సిగ్గుపడినట్టు అక్కడ ఎక్కడా కనబడదు. నిప్పుకోడిలో కూడా రాత్రివేళ గుడ్లమీద కూర్చునేది మగదే. పక్షులను చూసి కుటుంబ క్రమం దిద్దుకోమని నేను అనను. అలాగైతే ఆ ఐదుగురు మగవారి సంగతి ఏం చేస్తాం? కానీ బిడ్డను భుజానవేసుకొని ఆరాధనకు వచ్చిన తండ్రిని చూసి నవ్వే సహోదరులు, అది సృష్టికి విరుద్ధమని మాత్రం అనకూడదు.

ఈ పరిశోధన ఎక్కువగా జరిగింది టాంజానియా నైరుతి భాగంలోని ఉసాంగు చిత్తడినేలల్లో. అక్కడినుంచి పారే గ్రేట్ రువాహా నది 1993 నుండి ఎండాకాలంలో ఎండిపోవడం మొదలైంది. ఎగువన వరిచేలకు నీళ్ళు మళ్ళించారు. కాలువ చివరి భూములున్న మన రైతులకు ఆ బాధ చెప్పనక్కరలేదు. 2006లో ప్రభుత్వం పశువుల కాపరులను మందలతో సహా అక్కడనుండి పంపివేసింది. 2008లో ఆ నేలను రువాహా జాతీయవనంలో కలిపింది. అసలు కారణం పశువులు కాదు, కాలువల్లోకి పోయిన నీరేనని ఆ ప్రాంతాన్ని ఎరిగిన పరిశోధకులు కొందరు వాదించారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. వెళ్ళగొట్టడానికి పేదవాడు సులువుగా దొరుకుతాడు. పక్షికి మాత్రం వాననీటిలో నిలబడిన గడ్డి కావాలి. దాని గూడు ఆ గడ్డిలోనే.

మన తెలుగువారు కొందరు టాంజానియాలో ఉద్యోగాలు చేస్తున్నారు. మీ బంధువులెవరైనా అక్కడ ఉంటే ఇది రాసి పంపండి: వానల రోజుల్లో తెల్లవారుజామున గడ్డిపరక కొసన చిన్న జెముడుకాకి కూర్చొని పాడుతుంటే, అది తల్లి. తండ్రి కోసం కింద గడ్డిలో, నోట మిడతతో వెళ్తున్నవాణ్ణి చూడమనండి.