పన్ను పీకాక ఉమ్మకూడదు! ఎందుకని?

పన్ను పీకించుకుని ఇంటికొచ్చారు. బుగ్గంతా మొద్దుబారి ఉంది. పంటి కింద గాజుగుడ్డ ఉండ ఉంది. "గట్టిగా కరిచిపట్టుకో. ఉమ్మకు. ఇవాళంతా పుక్కిలించకు" అని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. కాని నాలుకకి రక్తం రుచి తగలగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? "థూ" అని ఉమ్మెయ్యాలనిపిస్తుంది! ఇంతలో అమ్మమ్మ గ్లాసుతో ఉప్పునీళ్ళు తెచ్చి, "పుక్కిలించు నాయనా, శుభ్రపడుతుంది" అంటుంది.

ఎవరి మాట వినాలి? ఇద్దరి మాటా వినాలి. ఇవాళ డాక్టరుగారిది, రేపటినుంచి అమ్మమ్మది! ఎందుకో తెలియాలంటే పన్ను ఊడిన చోట ఏం జరుగుతోందో చూడాలి.

పన్ను వేరు దవడ ఎముకలో ఒక గుంటలో కూర్చుని ఉంటుంది. అది ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకీ గుంట గోడకీ మధ్య సన్నని నారపోగులు ఉంటాయి. అవే పన్నుని పట్టి ఉంచుతాయి. పన్ను పీకినప్పుడు ఈ పోగులు తెగుతాయి. వాటితోపాటు సన్నని రక్తనాళాలూ తెగుతాయి. గుంట రక్తంతో నిండుతుంది.

ఈ రక్తాన్ని చూసి భయపడకండి. అసలు మందు అదే! రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్నచిన్న కణికలుంటాయి. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. నాళం తెగిన చోటికి ఇవి వచ్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అదే సమయంలో రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే ప్రోటీను, ఫైబ్రిన్ అనే దారపు పోగులుగా మారుతుంది. ఆ పోగులు వలలా అల్లుకుని ఎర్రకణాలను పట్టేస్తాయి. కొద్ది నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది. మీరు గాజుగుడ్డని అరగంట, ముప్పావుగంట సేపు కరిచిపట్టుకుంటే ఆ ఒత్తిడికి తెగిన నాళాలు మూసుకుని ఈ పని తేలికవుతుంది. మాటిమాటికీ తీసి చూశారా, గడ్డ కూడా దానితో లేచివస్తుంది.

ఈ గడ్డ చేసే పనులు రెండు. ఒకటి, ఎముకమీద మూతలా ఉండి గాలీ ఆహారమూ తగలకుండా కాపాడుతుంది. రెండు, కొత్త కణజాలానికి పందిరి అవుతుంది. పాదుకి పందిరి ఎలాగో, కొత్త రక్తనాళాలకి ఫైబ్రిన్ వల అలాగ. వారం రోజుల్లో గడ్డ స్థానంలో మెత్తని కొత్త కణజాలం చాలావరకు పెరుగుతుంది. కొన్ని వారాల్లో పైన చిగురు కప్పుకుంటుంది. లోపల ఎముక నిండడానికి మాత్రం నెలలు పడుతుంది.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి (పన్ను పీకించుకున్న వాళ్ళు కాదు!). పెదవులు మూసి, నోట్లోని గాలిని లోపలికి పీల్చండి. బుగ్గలు లోపలికి పోయాయి కదూ? నోట్లో గాలి ఒత్తిడి తగ్గింది. బయటి గాలి బుగ్గల్ని నొక్కింది. గొట్టంతో కొబ్బరినీళ్ళు పైకి వచ్చేదీ ఇందుకే. గట్టిగా ఉమ్మడానికి ముందు కూడా మనం ఉమ్మిని ఇలాగే పీల్చి పోగుచేస్తాం. ఆ పీల్పుకి ఇంకా గట్టిపడని గడ్డ గుంటలోంచి ఊడివస్తుంది. పుక్కిలిస్తే కొట్టుకుపోతుంది. అందుకే మొదటి రోజు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, గొట్టంతో తాగకూడదు.

గడ్డ పోతే ఏమవుతుంది? ఎముక బయటపడుతుంది. 1896లో క్రాఫర్డ్ అనే దంతవైద్యుడు దీన్ని వర్ణించాడు. దీన్ని 'డ్రై సాకెట్', అంటే ఎండిన గుంట అంటారు. తగ్గుతున్న నొప్పి రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ ఎక్కువై, చెవిదాకా లాగుతుంది. నోరు వాసన వేస్తుంది. కింది దవడలో, ముఖ్యంగా జ్ఞానదంతాలు తీసినచోట ఇది ఎక్కువ. పొగతాగేవాళ్ళకి ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు డాక్టరు గుంటని కడిగి మందు పెడతారు. లవంగ నూనెలో ఉండే యూజినాల్‌ని ఇందుకు వాడటం కద్దు.

గడ్డని కదపకూడదన్నాం కదా అని నోటిని అలా వదిలెయ్యకూడదు. నోట్లోని సూక్ష్మజీవులు పెరిగితే గడ్డకీ ముప్పే. ఆ రాత్రే మిగతా పళ్ళని మెల్లగా తోముకోండి. గుంట జోలికి మాత్రం పోకండి. 24 గంటలు గడిచాక, గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి, భోజనం చేసినప్పుడల్లా నోట్లో పోసుకోండి. తలని అటూ ఇటూ వంచి, నీళ్ళని వాటంతట అవే జారిపోనివ్వండి.

మొద్దుతనం పోయాకనే తినండి. లేకపోతే తెలియకుండా బుగ్గ కొరుక్కుంటారు. మెత్తని పెరుగన్నం, చల్లారిన రాగిజావ మంచివి. వేడి కాఫీ, కారం, జంతికలు వద్దు. వాపు రాకుండా మొదటి రోజు ఐసుముక్కని గుడ్డలో చుట్టి బుగ్గమీద కాసేపు పెట్టి తీస్తూ ఉండండి. నొప్పికి డాక్టరు రాసిన మాత్రే వేసుకోండి. ఇంట్లో ఉంది కదా అని ఆస్పిరిన్ మింగకండి. అది ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా అడ్డుపడుతుంది.

ఉమ్మి కాస్త ఎర్రగా ఉంటే కంగారుపడకండి. ఒక చుక్క రక్తం చాలా ఉమ్మిని ఎర్రగా చేస్తుంది. రెండు మూడు రోజులకి గుంట తెల్లగా కనిపిస్తే చీమనుకుని గీకకండి. చాలాసార్లు అది ఫైబ్రినే. కాని మళ్ళీ అరగంట గాజుగుడ్డ కరిచినా రక్తం ఆగకపోయినా, మూడో రోజు తర్వాత వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంకొక్క మాట. ఆరేళ్ళ వయసులో అన్నిటికంటే వెనక మొలిచే దంతాన్ని చాలామంది పాలపన్ను అనుకుని అశ్రద్ధ చేస్తారు. అది ఊడి మళ్ళీ వచ్చే పన్ను కాదు. పీకిస్తే గుంట మానుతుందే కాని అక్కడ ఇంకో పన్ను మొలవదు. ఇవాళ రాత్రి పళ్ళు తోముకునేటప్పుడు బ్రష్షుని అక్కడిదాకా పోనివ్వండి.