జింక్ మోతాదు మించితే ముందు దెబ్బతినేవి వేళ్లే

వరి నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే జింక్ లోపమని రైతులు ఇట్టే పట్టేస్తారు. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది కూడా. మంచిదే కదా అని నేల అవసరం చూడకుండా పంట పంటకూ వేస్తూ పోతేనే చిక్కు.

మొక్కకు జింక్ కావలసింది చాలా కొద్దిగా. అది లేకపోయినా ఎదుగుదల ఆగుతుంది, ఎక్కువైనా ఆగుతుంది. ఎక్కువైనప్పుడు మాత్రం దెబ్బ కంటికి కనబడని చోట, నేల లోపల మొదలవుతుంది. వేరు పొడవు పెరిగేది దాని కొన దగ్గరే. అక్కడ కణాలు విభజన చెంది కొత్తవి పుడతాయి, తర్వాత అవి సాగుతాయి. జింక్ మితిమీరితే ఈ రెండు పనులూ మందగిస్తాయి. వేరు పొట్టిగా, మొద్దుగా తయారై గోధుమ రంగుకు తిరుగుతుంది. నీళ్లు పీల్చే సన్నని నూగు కూడా తగ్గుతుంది. దాంతో మట్టిలో తడి ఉన్నా మొక్క వాడినట్టే ఉంటుంది.

పైగా ఇనుము వేరులోకి వెళ్లే దారిలో జింక్ పోటీకి వస్తుంది. ఇనుము అందక లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, మధ్య భాగం పసుపు పచ్చగా మారుతుంది. అది చూసి జింక్ చాలలేదేమో అనుకుని ఇంకో విడత వేశారంటే, జబ్బునే మందుగా పోసినట్టు!

పొలం కన్నా కుండీల్లో ఈ ముప్పు ఎక్కువ. ఎకరాకు 20 కిలోలంటే చదరపు మీటరుకు సుమారు 5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూన్. డాబా మీద పుదీనా వేసుకునే అడుగు వెడల్పు కుండీ వాటాకు అందులో పదో వంతు కూడా రాదు. కుండీకో చెంచా వేస్తే మోతాదు పది రెట్లు దాటిపోయినట్టే.

ఒకసారి మట్టిలో పేరుకున్న జింక్ నీళ్లు పోసినంత మాత్రాన తేలిగ్గా పోదు. కుండీ అయితే మట్టి మార్చేయడమే సులువు. పొలంలో అయితే జింక్ వేయడం ఆపాలి. ఆమ్ల నేలల్లో జింక్ తేలిగ్గా కరిగి వేళ్లకు అందుతుంది కాబట్టి అక్కడ సున్నం వేస్తే ఆ ఉధృతి తగ్గుతుంది. సున్నపు నేలల్లో అది మట్టినే అంటుకుని ఉంటుంది, అక్కడ ఎక్కువ కావడం కన్నా లోపమే మామూలు. ఏదైనా అనుమానంగా ఉంటే ఒక మొక్కను మెల్లగా పెకిలించి వేళ్లు చూడాలి, భూసార పరీక్షకు మట్టి ఇచ్చేటప్పుడు జింక్ కూడా చూడమని అడగాలి.