నర్సింగ్ – రోగి పక్కన నిలిచే చదువు

ఆసుపత్రి అనగానే మనకు ముందు గుర్తొచ్చేది డాక్టరు గారే. "ఆ డాక్టరు గారి హస్తవాసి మంచిది" అంటాం గాని, "ఆ సిస్టరు వల్ల బతికాడు" అనేవారు తక్కువ. కాని ఒక్కసారి ఆలోచించండి. డాక్టరు రౌండ్లకు వచ్చి ఒక్కో మంచం దగ్గర కొన్ని నిమిషాలే ఉంటారు. మిగిలిన పగలంతా, రాత్రంతా రోగిని కనిపెట్టుకొని ఉండేది నర్సులే. వైద్యం ఎంత గొప్పదైనా, రోగికి చేరేది వారి చేతుల మీదుగానే.

ఆ చేతులు చేసే పనులేమిటి?

మొదటిది గమనించడం. ఆపరేషన్ అయిన రోగికి నాడి వేగం పెరగడం, బి.పి. పడిపోవడం, ఆయాసం రావడం, మూత్రం తగ్గడం రాబోయే ప్రమాదానికి గుర్తులు. వాటిని ముందే పసిగట్టి డాక్టరును పిలిస్తే ప్రాణం నిలబడవచ్చు.

రెండవది మందులు. సరైన రోగికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన సమయానికి ఇవ్వాలి. ఈ ఐదూ ప్రతిసారీ సరిచూసుకోవాలి.

మూడవది శుభ్రత. చేతులు కడుక్కోకుండా ఒక రోగి నుండి ఇంకొకరి దగ్గరకు వెళితే క్రిములూ వెంట వెళతాయి.

నాల్గవది, కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం. తిప్పకపోతే బరువంతా ఒకేచోట పడి, అక్కడ రక్తం ఆడక పుండ్లు పడతాయి.

ఇది ఉత్త ఓర్పు కాదు, శాస్త్రం. 1854లో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధ సైనికుల ఆసుపత్రికి వెళ్ళారు. సైనికులు గాయాల కంటే అంటురోగాలతోనే ఎక్కువగా చనిపోయారని తరువాత ఆమె లెక్కలు కట్టి, పటాలు గీసి నిరూపించారు. 1860లో లండన్‌లో నర్సింగ్ పాఠశాల స్థాపించారు.

నర్సుల సంఖ్య కూడా ముఖ్యమే. 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించింది. ఒక్కో నర్సు మీద ఒక రోగి అదనంగా పెరిగిన కొద్దీ, ఆపరేషన్ అయినవారు 30 రోజులలోపు చనిపోయే ప్రమాదం సుమారు 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక నర్సుకు ఇంతమంది రోగులే ఉండాలన్న చట్టం 2004 నుండి అమలవుతోంది. కాబట్టి రద్దీ వార్డులో సిస్టరు విసుక్కున్నప్పుడు, ఆమె ఒక్కతే ఎన్ని మంచాలు చూస్తున్నదో కూడా మనం లెక్కపెట్టాలి. డబ్బున్నవారు వేరే ఆసుపత్రికి పోగలరు. సర్కారు దవాఖానాయే దిక్కయిన మనవాళ్ళకు ఈ లెక్క ప్రాణంతో సమానం.

ఇక అసలు విషయం. మా ఇళ్ళలో మొదట డిగ్రీ చదివింది మేమే. అందుకని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఏం చదవాలో మమ్మల్ని అడుగుతారు. నర్సింగ్ అనగానే పెద్దవాళ్ళు "మలమూత్రాలు ఎత్తే పనా?" అంటారు. ఒంటిని ముట్టుకొని చేసే పనిని హీనంగా చూడటం ఈ సమాజానికి పాత రోగం. అంటరానితనం బాధ తెలిసిన మనమే ఆ మాట నమ్మితే ఎలా? 1897లో పూణే ప్రాంతంలో ప్లేగు వచ్చినప్పుడు, ముట్టుకుంటే చావని తెలిసి కూడా సావిత్రీబాయి ఫూలే రోగులకు సేవ చేశారు. ఆ ప్లేగుతోనే మార్చి 10న కన్నుమూశారు. మనకు చదువు చెప్పిన తల్లి చేసిన ఆఖరి పని అదే.

బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళ కోర్సు. ఆ తరువాత ఎం.ఎస్సీ., పిహెచ్.డి. కూడా చేయవచ్చు. ఇంటర్‌లో బైపీసీ చదువుతున్న చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా! డాక్టరు సీటు రాలేదు గనుక నర్సింగ్ అనుకోకండి. ఇష్టపడి ఎంచుకోండి. మీరు తెల్ల కోటు వేసుకొని నిలబడిన వార్డులో, మన ఊరి ముసలమ్మ భయం లేకుండా తన బాధ చెప్పుకోగలుగుతుంది.