కొత్త బండి, పాత పట్టా

రైలును గూర్చి మాట్లాడుకొనేటప్పుడు మన దృష్టి బండిమీదనే నిలుస్తుంది. దాని వేగం, లోపలి సదుపాయాలు, ప్రారంభోత్సవంనాటి పూలదండలు మనకు వార్తలు. ఆ బండిని మోసే పట్టా, కంకర, వంతెన, సిగ్నల్ తీగ మాత్రం ప్రమాదం జరిగిననాడు తప్ప ఎవరి నోటా వినపడవు.

2023 జూన్ 2వ తేదీ సాయంకాలం ఒడిశాలోని బహనగా బజార్ స్టేషను వద్ద జరిగిన ఘోరాన్నే తీసుకొందాం. షాలిమార్ నుంచి చెన్నైకి పోతున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గంలో సాగిపొమ్మని పచ్చదీపం వెలిగింది. పట్టాలు మాత్రం పక్కనున్న లూప్ లైనువైపు కలిసి ఉన్నాయి. అక్కడ గూడ్సు బండి నిలిచి ఉంది. 290 మందికి పైగా మరణించారు. విశాఖ, విజయవాడల మీదుగా నడిచే ఈ బండి ఎక్కని కుటుంబం మన కాలనీలలో అరుదు.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలిన కారణం చూడటానికి ఎంతో చిన్నది. లెవెల్ క్రాసింగ్ వద్ద ఉన్న పెట్టెలో తీగలకు తగిలించిన గుర్తులు తప్పు. 2018లో సర్క్యూట్ మార్చినప్పటి లోపం ఐదేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. గేటు అడ్డుకమ్మీని మార్చే పనిలో ఆ తీగలను కదిలించిననాడు అది ప్రాణాలు తీసింది. అంతకు ఏడాది ముందు, 2022 మే నెలలో, అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బంకరనయాబాజ్ స్టేషనులో ఇటువంటి తీగల పొరపాటే బయటపడింది. అప్పుడే తగిన చర్య తీసుకొని ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదని నివేదిక పేర్కొన్నది. మొత్తం వ్యవహారంలో మనసును ఎక్కువగా కలచివేసేది ఈ మాటే.

డబ్బు లేక ఇట్లా జరుగుతున్నదని పూర్తిగా అనలేము. 1998లో ఏర్పడిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా సంఘం సూచనల అనంతరం, వయసు మీరిన పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు మార్చడానికి 2001లో 17,000 కోట్ల రూపాయల ప్రత్యేక నిధి ఏర్పడింది. 2017-18లో లక్ష కోట్లతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోష్ వచ్చింది. ఏటేటా సాగవలసిన పనికి రెండవమారు ప్రత్యేక నిధి కావలసి వచ్చిందంటే, మధ్యకాలంలో ఏం పేరుకుపోయిందో ఊహించవచ్చు. పట్టాలను పరీక్షించే ట్రాక్ రికార్డింగ్ కార్ల తనిఖీలలో 30 నుంచి 100 శాతం వరకు లోటు ఉన్నదని కాగ్ 2022 నివేదికలో తేల్చింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. తీవ్ర రైలు ప్రమాదాలు 2014-15లో 135 కాగా 2023-24లో 40కి తగ్గాయి. పాతదానిపై పెట్టిన ఖర్చు వృథా పోదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ధనంకన్న దుర్లభమైనది సమయం. కర్మాగారంలో యంత్రం ఆపనిదే మరమ్మతు సాగదని మన కార్మిక సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. పట్టా మార్చాలన్నా బండ్లు ఆపి ‘బ్లాక్’ ఇవ్వాలి. రద్దీ మార్గంలో చేర్చిన ప్రతి కొత్త బండీ ఆ వ్యవధిలోంచి కొంత తినివేస్తుంది.

ఇప్పుడు ‘కవచ్’ వచ్చింది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య దాని పనితీరును ప్రదర్శించారు. ఎర్రదీపం దాటబోయే బండిని అది తానే ఆపుతుంది, మంచి సాధనమే. కాని విరిగిన పట్టాను అది చూడలేదు. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ వద్ద వరద ఒక చిన్న వంతెనను కోసివేయగా, రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ నీళ్లలో పడి నూరుమందికి పైగా మరణించారు. అటువంటి చోట వానరాత్రి లాంతరుతో గస్తీ తిరిగే ట్రాక్‌మనే దిక్కు. పగలు కీమాన్ సుత్తీ, స్పానరూ భుజాన వేసుకొని తన బీటు పొడవునా నడుస్తాడు. వదులైన క్లిప్పులు బిగిస్తాడు, ఎండకు సాగే పట్టాలను కనిపెట్టి చూస్తాడు. ఆ పనిలో ఉండగానే బండి తగిలి ఏటా కొందరు మరణిస్తున్నారు.