మనుషుల్లేని దీవులు... అయినా ఉద్యోగాలున్నాయ్!

ఊరు లేదు, హోటల్ లేదు, కిరాణా కొట్టు లేదు. ఉత్తర ధ్రువానికి సుమారు 900 కిలోమీటర్ల దూరంలో మొదలయ్యే ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ సంగతిది. రష్యాకు చెందిన ఈ 190కి పైగా దీవుల్లో దాదాపు 85 శాతం నేల మంచు కిందే ఉంటుంది. సైనిక, వాతావరణ కేంద్రాల సిబ్బంది తప్ప స్థిరంగా ఉండేవాళ్లు లేరు. అయినా వేసవిలో మూర్మన్‌స్క్ రేవు నుంచి పర్యాటక నౌకలు వస్తాయి. వాటిని నడిపేందుకు రకరకాల నిపుణులు కావాలి.

ముందు దిగేది గైడే

నౌక ఆగగానే ప్రయాణికులు దిగిపోరు. గైడ్లు రబ్బరు పడవల్లో ఒడ్డుకెళ్లి, ధ్రువపు ఎలుగుబంట్లు ఉన్నాయేమో చూస్తారు. భుజాన తుపాకీ ఉంటుంది. దాన్ని పేల్చే అవసరం రాకుండా చూడటమే అసలు నైపుణ్యం. ఎలుగుబంటి కనిపించినా, పొగమంచు కమ్మినా ప్రోగ్రాం రద్దే. లక్షలు పోసి వచ్చినవాళ్లకు ‘ఈరోజు కుదరదు’ అని నచ్చజెప్పడమూ డ్యూటీలో భాగమే.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 1895లో ధ్రువం వైపు వెళ్లి వెనుదిరిగిన నార్వే అన్వేషకుడు నాన్సెన్, సహచరుడు యోహాన్సెన్‌ ఇక్కడే చిక్కుకున్నారు. రాళ్లు, వాల్రస్ తోళ్లతో కట్టుకున్న గుడిసెలో చలికాలమంతా గడిపారు. 1896 జూన్‌లో బ్రిటిష్ అన్వేషకుడు జాక్సన్ అనుకోకుండా ఎదురుపడ్డాకే వాళ్లకు ఇంటిదారి దొరికింది.

మీకు దారేది?

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య కంపెనీలు చాలావరకు ఇటు రావడం మానేశాయి. స్వాల్‌బార్డ్, గ్రీన్‌లాండ్‌ల వైపు నౌకలు నడుపుతున్నాయి. అందుకే ఒక్క చోటనే కాకుండా ఆర్కిటిక్ మొత్తాన్నీ దృష్టిలో పెట్టుకోండి.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్లకు కిచెన్, హౌస్‌కీపింగ్. మెరైన్ ఇంజినీర్లకు ఇంజిన్ రూమ్. జువాలజీ, జియాలజీ వాళ్లకు గైడ్ పనులుంటాయి. గైడ్‌కు డిగ్రీ ఒక్కటే చాలదు. పడవ నడపడం, ప్రథమ చికిత్స, నలుగురి ముందు ఇంగ్లిష్‌లో ధైర్యంగా మాట్లాడటం రావాలి. నౌకలో పనికి ఎస్‌టీసీడబ్ల్యూ భద్రతా కోర్సులు, సీడీసీ పుస్తకం కావాలి. పరిశోధన ఇష్టమైతే గోవాలోని ఎన్‌సీపీఓఆర్ ప్రకటనలు గమనించండి. స్వాల్‌బార్డ్‌లో 2008లో మొదలైన మన ‘హిమాద్రి’ కేంద్రాన్ని నడిపేది ఆ సంస్థే.

డబ్బు అడిగితే ఆగండి

‘క్రూయిజ్‌లో జాబ్, ముందు రెండు లక్షలు కట్టు’ అనే ఏజెంట్లు తగులుతారు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుల దగ్గర ఫీజు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆ తర్వాతే సర్టిఫికెట్లు పంపండి.